కాసినవి, వండినవి పక్కింటికి ఇచ్చేటప్పుడు

మేడ మీద తోట విరగకాసింది, ఇంట్లో ఉండేది ఇద్దరమే, టమాటాలు, కీరా, సొరకాయలు తినగా మిగిలినవి చుట్టుపక్కల ఇళ్లకి ఇస్తున్నాను, సెలవు రోజుల్లో కేకు, బ్రెడ్ చేసి పంపుతున్నాను అని రాశారు. ఒకావిడ ప్రతిసారీ డబ్బా నింపి మరీ తిరిగి ఇస్తున్నారట. ఒకాయన "థాంక్స్" అని తలుపేసేసుకుంటారట. మూడో ఇంటి చెత్తబుట్టలో మీ కేకు ముక్కలు కనిపించాయట. "ఇక మానేయాలా? పైగా నా వంట తిని ఎవరికైనా తేడా చేస్తే ఏమిటి పరిస్థితి?" అని అడిగారు.

మానేయక్కర్లేదు. నేను చాలా ఏళ్లుగా తోట పెంచుతున్నాను, కాసిన దాంట్లో సగానికి పైగా మా ఇంట్లో తిననే తినం. ఇన్నాళ్లలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే: అవతలివాళ్లు "ఇప్పుడొద్దండీ" అని మొహమాటపడకుండా అనగలిగేలా ఇవ్వాలి. మీరు చెప్పిన మూడు ఇళ్ల విషయంలోనూ ఇబ్బంది అక్కడే ఉందని నాకనిపిస్తోంది. మీ టమాటాల్లోనూ కేకులోనూ లోపమేమీ లేదు.

మీరు బెల్లు కొట్టి, కవర్ చేతిలో పెట్టి, నవ్వుతూ నిలబడ్డారనుకోండి. ఎవరైనా వద్దంటారా? అనరు. ఫ్రిజ్ నిండుగా ఉన్నా, మర్నాడు ఊరెళ్తున్నా, ఇంట్లో ఒక్కరికీ సొరకాయ పడకపోయినా "అయ్యో, ఎందుకండీ శ్రమ" అంటూనే తీసుకుంటారు. ఆ తర్వాత ఆ సొరకాయ ఏమైందో మనకి తెలియదు. అందుకే ముందు మెసేజ్ పెట్టండి. నేను పెట్టేది ఇలా ఉంటుంది: "ఈరోజు కిలో దాకా టమాటాలు కోశాను. కావాలంటే చెప్పండి, సాయంత్రం మీ గుమ్మం దగ్గర పెడతాను. అక్కర్లేకపోతే రిప్లై కూడా ఇవ్వక్కర్లేదు." ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. అది లేకపోతే జవాబు ఇవ్వకపోవడమే ఒక తప్పులా అవతలివాళ్లకి అనిపిస్తుంది. ఒకరికి విడిగా పెట్టే బదులు నలుగురైదుగురున్న గ్రూపులో పెడితే ఇంకా సులువు. కావలసినవాళ్లు "నాకు" అంటారు, మిగతావాళ్లు ఊరుకుంటారు, ఎవరూ ఎవరినీ కాదన్నట్టు ఉండదు. మెసేజ్‌లు చూడని పెద్దవాళ్లయితే మెట్ల మీద కలిసినప్పుడు చేతులు ఊపుకుంటూ అడగండి, కవర్ పట్టుకుని కాదు.

ఇలా అడిగితే చిరాకు పడతారేమో అన్న సంకోచం చాలామందికి ఉంటుంది. దాని గురించి టెన్షన్ పడకండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న చిన్న మంచి పనులు చేసినవాళ్లు అవతలివాళ్లకి కలిగిన సంతోషాన్ని బాగా తక్కువగా అంచనా వేస్తారని తేలింది. వాళ్లు చేసిన ప్రయోగాల్లో ఒకటి చలికాలంలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట జరిగింది. తమకిచ్చిన వేడి చాక్లెట్ కప్పును వేరొకరికి ఇచ్చేయడమే పని. ఇచ్చినవాళ్లకి అదొక చిన్న విషయం. పుచ్చుకున్నవాళ్లకి మాత్రం వీళ్లు ఊహించిన దానికంటే చాలా పెద్దది. కాబట్టి అడగడానికి జంకక్కర్లేదు. అడిగాక వదిలేయడం మాత్రం రావాలి.

ఇక ఎంత ఇవ్వాలి అన్నది. తక్కువ. మీరు అనుకున్న దానికంటే తక్కువ. ఒక పూట వంటకి సరిపడా ఇస్తే అది కానుక, వారానికి సరిపడా ఇస్తే అది పని. సొరకాయ, గుమ్మడి లాంటి వాటితో ఈ చిక్కు మరీ ఎక్కువ. ముదిరిన పెద్ద కాయ మనకి గొప్పగా ఉంటుంది, ఫోటో కూడా తీసుకుంటాం. అవతలి ఇంట్లో దాన్ని చెక్కు తీయాలి, గింజలు తీయాలి, సగం వండితే మిగతా సగం ఫ్రిజ్‌లో చోటు ఆక్రమిస్తుంది. మా ఎదురింటావిడకి ఒకరు అలాంటి కాయ ఇచ్చి వెళ్తే, ఆవిడ దాన్ని నెలల పిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు, "మీకేమైనా పనికొస్తుందా అండీ?" అంటూ. అది చివరికి మూడు ఇళ్లు తిరిగింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ రుచి మొదటి రెండుసార్లే. వారం వారం వచ్చిపడుతుంటే అది కూడా మనింటి కూరే అయిపోతుంది.

లేతగా కోయడం నేర్చుకుంటే ఈ ఇబ్బంది సగం పోతుంది. కీరా, బీన్స్, సొర, బెండ లాంటివి గింజ ముదిరే దాకా తీగ మీద వదిలేస్తే మొక్క కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది కూడా. అంటే లేతగా, తరచుగా కోస్తే మీకూ లాభం, తీసుకునేవాళ్లకీ లాభం. టమాటాలు పూర్తిగా పండాక ఇవ్వకండి. కాయ మీద రంగు తిరగడం మొదలైతే చాలు, కోశాక కూడా పండుతుంది. కొంచెం గట్టిగా ఉన్నప్పుడు ఇస్తే వాళ్లకి మూడు నాలుగు రోజుల వ్యవధి దొరుకుతుంది. పండినవి ఇస్తే "ఈరోజే వండండి" అని చెప్పినట్టే. ఫ్రిజ్‌లో పెట్టొద్దని కూడా చెప్పండి, చల్లదనానికి రుచి చచ్చిపోతుంది.

ఆకుకూరలు మరీ సున్నితం. పొద్దున్నే, ఎండెక్కకముందు కోయండి. పండుటాకులు, పురుగు తిన్నవి, గడ్డిపోచలు ఏరేయండి. వేర్లతో పీకితే మట్టి దులిపి, వేర్లు కోసేయండి. కడగకండి, తడి ఆకు సాయంత్రానికే కుళ్లుతుంది. పలచటి బట్టలోనో కాగితంలోనో వదులుగా చుట్టి, లోపల నలిగిపోకుండా పెట్టి ఇవ్వండి. నలుగురున్న ఇంటికి రెండు గుప్పెళ్లు చాలు. మట్టితో, పుల్లలతో పెద్ద కట్ట ఇస్తే దాన్ని బాగుచేయడానికి వాళ్లకి అరగంట పడుతుంది. పువ్వో నాలుగు పుదీనా రెమ్మలో పక్కన పెడితే ముచ్చటగా ఉంటుంది, అది మీ ఇష్టం.

పచ్చి కూరగాయలు ఇవ్వడంలో ప్రమాదం చాలా తక్కువ. కానీ బొత్తిగా లేదని కాదు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చేదు గురించి. సొర, కీరా, గుమ్మడి, జుకినీ అన్నీ ఒకే కుటుంబం. వీటిలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. మామూలు రకాల్లో నామమాత్రంగా ఉంటుంది కాబట్టి మనకి తెలియదు. అలంకారానికి పెంచే జాతితోనో అడవి జాతితోనో పరాగ సంపర్కం జరిగి, ఆ గింజ దాచుకుని మళ్లీ వేస్తే వచ్చే కాయల్లో ఇది ప్రమాదకరమైన స్థాయికి చేరవచ్చు. ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో ఆస్పత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. దీని మీద భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల కమిటీ 2012లో ప్రచురించిన నివేదికలో చేదుగా ఉన్న రసం తాగనే వద్దని చెప్పింది. సొంతంగా దాచిన గింజలతో పెంచేవాళ్లయితే, కొత్త తీగకి వచ్చిన మొదటి కాయ చివర చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. మామూలుకి మించి చేదుంటే ఆ తీగ కాయలు ఎవరికీ ఇవ్వకండి, మీరూ తినకండి. కాకరలా సహజంగానే చేదైన వాటి సంగతి వేరు.

పురుగుమందు కొట్టారా అన్నది రెండోది. ఏ మందుకైనా కొట్టిన తర్వాత ఎన్ని రోజులకి కోయాలో సీసా మీద రాసి ఉంటుంది. ఆ గడువు దాటకుండా కోసినవి ఇవ్వకూడదు. మీ ఇంట్లో ఎంత కడిగి వాడతారో మీకు తెలుసు, వాళ్లెలా వాడతారో తెలియదు కదా. ఎరువు విషయంలోనూ ఇంతే. బాగా మాగిన కంపోస్టుతో ఏ భయమూ లేదు. పచ్చి పేడ వేస్తే, నేలకి తగిలే పంటలకి కోతకి 120 రోజుల ముందు, తగలని వాటికి 90 రోజుల ముందు ఆపేయాలన్నది అమెరికా సేంద్రియ సాగు ప్రమాణాల్లో ఉన్న లెక్క. పచ్చిగా తినే ఆకులు ఇచ్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. కుండీల్లో పెంచేవాళ్లకి మట్టిలో సీసం భయం అంతగా ఉండదు. పాత పెయింటు పెచ్చులు రాలే గోడ పక్కన నేలలో వేసిన ఆకుకూరలు, దుంపలు మాత్రం నేనైతే ఇవ్వను.

కొన్నింటిని ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి ఇవ్వాలి. రాజ్మా గింజలు ఎండబెట్టి ఇస్తున్నారనుకోండి. వాటిని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట సేపు తెర్లించాలని చెప్పండి. సరిగా ఉడకని రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం నాలుగైదు గింజలకే వాంతులు తెప్పించగలదు. సన్న సెగ మీద నిదానంగా ఉడికించే కుక్కర్లో అది నశించదు. పచ్చబారిన బంగాళాదుంపలు ఇవ్వకండి. తోటలో వాటంతట అవి మొలిచిన పుట్టగొడుగులు ఎంత బాగున్నా సరే, ఎవరికీ ఇవ్వొద్దు. అమటాక్సిన్ అనే విషం ఉన్న రకమైతే ఉడికినా విషమే, లక్షణాలు బయటపడేసరికి చాలా గంటలు గడిచిపోతాయి.

పెద్దవాళ్లున్న ఇళ్లకి మరో జాగ్రత్త ఉంది. ఇది చాలామంది ఆలోచించరు. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూర తినకూడదని లేదు, కానీ తినే మోతాదు ఒక్కసారిగా మారకూడదు. మీరు రోజూ కట్టలు కట్టలు పంపడం మొదలుపెడితే వాటిలోని విటమిన్ కె వల్ల మందు పనితీరు మారుతుంది. గ్రేప్‌ఫ్రూట్ కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మందులతో పడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి స్టార్ ఫ్రూట్ నిజంగానే ప్రాణాంతకం, ఎక్కిళ్లతో మొదలై మతి తప్పడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. వాళ్ల జబ్బుల గురించి ఆరా తీయమనడం లేదు. "ఆంటీ, ఇది స్టార్ ఫ్రూట్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అస్సలు తినకూడదు" అని మీవైపు నుంచి చెప్పేస్తే సరిపోతుంది.

వండినవాటి దగ్గరకొస్తే లెక్క మారుతుంది. కూరగాయని వాళ్లు చూసి, కడిగి, ఉడికిస్తారు. మీ వంటని మీ మాట మీద నమ్మి నోట్లో పెట్టుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం సులువైనదే: 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, కాబట్టి వండినది బయట 2 గంటలకి మించి ఉండకూడదు. ఎండాకాలంలో 32 డిగ్రీలు దాటితే గంటే అనుకోండి. ఈ గడియారం మీరు పొయ్యి మీంచి దించాక మొదలవుతుంది, వాళ్ల ఇంటికి చేరాక కాదు. మీరు గంటన్నర పక్కన పెట్టి పంపితే, వాళ్లు "రాత్రికి తిందాం" అని టేబుల్ మీద వదిలేస్తే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే పంపితే పొగలు కక్కుతూ భోజనం వేళకి పంపండి, లేదా పూర్తిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినది పంపండి. మధ్యరకం వద్దు.

అన్నంతో చేసిన వంటకాల్లో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మళ్లీ మొలకెత్తి విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేస్తే బాక్టీరియా పోవచ్చు గానీ ఆ విషం పోదు. "వేడి చేసుకుని తినండి, ఏం కాదు" అన్న మాట అన్నింటికీ వర్తించదు. కేకు, బిస్కెట్, బ్రెడ్ లాంటి పొడి సరుకుతో ఈ గొడవ లేదు. కొత్తగా పరిచయమైన ఇళ్లకి నేను అవే ఇస్తాను. క్రీము పూసిన కేకు మాత్రం పొడి సరుకు లెక్కలోకి రాదు.

డబ్బా మీద చీటీ అంటించండి. పెద్ద హంగు అక్కర్లేదు, చిన్న టేపు ముక్క మీద పెన్నుతో రాసినా చాలు. నా చీటీ ఇలా ఉంటుంది: "అరటిపండు బ్రెడ్. శనివారం పొద్దున చేసింది. గోధుమ, గుడ్డు, వెన్న, వాల్‌నట్ ఉన్నాయి. బయట రెండు రోజులు ఉంటుంది." ఇందులో ముఖ్యమైనది మూడో వాక్యం. అలర్జీ అనగానే అందరికీ వేరుశనగ గుర్తొస్తుంది. పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు, బాదం లాంటి గింజలు, గోధుమ, సోయా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికాలో 2023 నుంచి నువ్వులనీ తప్పనిసరిగా లేబుల్ మీద రాయాల్సిన వాటిలో చేర్చారు. యూరప్ జాబితాలో 14 ఉన్నాయి. చీటీ మీద రాస్తే అలర్జీల సంగతే కాదు, మతం వల్లో ఇష్టం వల్లో గుడ్డో మాంసమో ముట్టనివాళ్లకీ మేలు చేసినట్టవుతుంది. పిండిలో రమ్ము రెండు చెంచాలు వేసినా సరే, రాయండి. పిల్లలకి మీరే నేరుగా పెట్టకండి, పెద్దవాళ్ల చేతికివ్వండి.

ఇంట్లో సీసాల్లో నిల్వ పెట్టేవి ఇవ్వాలంటే పులుపు ఉందా లేదా అన్నది చూసుకోవాలి. నరాల్ని దెబ్బతీసి ప్రాణాల మీదకి తెచ్చే బొట్యులిజం అనే జబ్బుకి కారణమైన బాక్టీరియా పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్న చోట, అంటే బాగా పుల్లగా ఉన్న చోట, పెరగదు. అందుకే పుల్లటి పండ్లతో చేసిన జామ్, బాగా వెనిగర్ పోసిన ఊరగాయలు నిశ్చింతగా ఇవ్వచ్చు. బీన్స్, మొక్కజొన్న, పుట్టగొడుగులు లాంటి పులుపు లేనివాటిని ఉడికించి సీసాలో మూత బిగించడం వేరే సంగతి. దాని బీజాలు 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లలో చావవు, ప్రెషర్ పెట్టి 121 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేసి ఇచ్చే సీసా చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ గాలి ఆడని, పులుపు లేని చోటు ఆ బాక్టీరియాకి సరిగ్గా కావలసింది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వ చేసిన వెల్లుల్లి తిని 36 మంది బొట్యులిజం బారిన పడ్డారు. అలాంటిది చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో మీరే వాడేయండి, కానుకగా వద్దు. ఏడాది నిండని పిల్లలున్న ఇంటికి తేనె ఇస్తే, పిల్లకి పెట్టొద్దని చెప్పి ఇవ్వండి. కారణం మళ్లీ ఆ బీజాలే. మీ ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే తగ్గాక కూడా రెండు రోజులు ఎవరికీ వండి పంపకండి. ఇది నచ్చనివాళ్లుంటారు, కానీ ఇందులో నేను రాజీ పడను.

ఇక మీ మొదటి ఆవిడ, డబ్బా నింపి తిరిగిచ్చే ఆవిడ. ఆవిడకి అది సంతోషమో భారమో మీకు తెలియదు, బహుశా ఆవిడకీ పూర్తిగా తెలియదు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని పెరిగిన మనిషై ఉండొచ్చు. అప్పుడు మీరిచ్చిన ప్రతి డబ్బా ఆవిడ నెత్తిన ఒక వంట. మీరు ఆనందంగా తీసుకుని, మళ్లీ నింపి పంపితే ఆ పోటీకి అంతుండదు. డబ్బా ఇవ్వడం మానేయండి. కాగితం సంచి, పాత జామ్ సీసా, ఆకు, ఏదైనా సరే తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేనిది వాడండి. వండినవి తగ్గించి కూరగాయలు ఇవ్వండి, కూరగాయకి బదులు వండాలని ఎవరికీ అనిపించదు. ఆవిడ అప్పటికీ పంపుతుంటే, నిజంగానే వండి పెట్టడం ఆవిడకి ఇష్టమన్నమాట. హాయిగా తినండి. ఇంకో ఉపాయం ఉంది: ఆవిడని మీరే ఏదైనా చిన్నది అడగండి. "మేం రెండు రోజులు ఉండం, కుండీలకి నీళ్లు పోస్తారా?" అని అడిగి చూడండి. తనవైపు నుంచి ఇవ్వడానికి ఒకటి దొరికితే ఆ వంటల హడావుడి దానంతటదే తగ్గుతుంది.

"థాంక్స్" అని తలుపేసుకునే ఆయనతో మీకు సమస్య ఏముందో నాకు అర్థం కాలేదు. ఇచ్చారు, తీసుకున్నారు, థాంక్స్ అన్నారు. అంతకన్నా ఆయన చేయాల్సిందేమీ లేదు. కొందరికి గుమ్మంలో కబుర్లు చేతకావు. అలాంటి వాళ్లకి గుమ్మం పక్కన పెట్టి, మెసేజ్ పెట్టి వచ్చేయడమే మేలు. ఆయనకి మీ టమాటాలు ప్రాణమై ఉండొచ్చు కూడా.

చెత్తబుట్టలో కేకు చూడడం బాధే, కాదనను. కానీ చేతులు మారాక అది వాళ్లది. తింటారో, పనిమనిషికి ఇస్తారో, పారేస్తారో వాళ్ల ఇష్టం. షుగర్ ఉన్నవాళ్లేమో, గుడ్డు తినరేమో, పిల్ల సగం కొరికి పడేసిందేమో. అడగకండి. ముఖ్యంగా "మొన్నటి కేకు ఎలా ఉంది?" అని అస్సలు అడగకండి, అది వాళ్లని అబద్ధం ఆడమని బలవంతం చేయడమే. తెలుసుకోవాలంటే వేరే దారి ఉంది. వచ్చేసారి కేకు పంపకుండా, ఊరికే కలిసినప్పుడు "మా ఇంట్లో కీరా బాగా వస్తున్నాయి, మీ ఇంట్లో తింటారా? తినకపోతే చెప్పేయండి, వేరేవాళ్లు అడుగుతున్నారు" అనండి. ఆ చివరి ముక్కతో వాళ్లకి తప్పుకునే దారి దొరుకుతుంది. తీసుకుంటామంటే సరే. ఏదో నసిగితే వదిలేయండి, పలకరింపు మాత్రం మానకండి.

మీకు ఎదురుగా వచ్చే వాటి గురించి మీరు అడగలేదు గానీ అదీ తప్పదు. తోట ఉన్నవాళ్లకి ఇతరులు కూడా ఏవో ఇస్తూ ఉంటారు. ఎవరి వంటిల్లు మీకు నమ్మకం లేదో వాళ్ల వండిన పదార్థం తినాల్సిన పని లేదు. మొదటిసారే మెత్తగా చెప్పేయడం మంచిది: "నాకు బయటి వంట పడదండీ, కడుపు ఇబ్బంది పెడుతుంది. మీ చెట్టు నిమ్మకాయలైతే మాత్రం కాదనను." వద్దన్న దానితో పాటు కావాల్సింది కూడా చెబితే ఎవరూ నొచ్చుకోరు. నాలుగైదుసార్లు తీసుకుని పారేశాక చెప్పడం చాలా కష్టం. ఎవరైనా ఇచ్చిన గింజలు, మొక్కలు వేసేటప్పుడు మట్టిలో పురుగు, ఆకుల కింద తెల్లదోమ చూసి, కొన్నాళ్లు మిగతా కుండీలకి దూరంగా పెట్టండి. తోట మొత్తం పాడయ్యేది చాలాసార్లు ఇలా వచ్చిన మొక్కతోనే.

తెలిసిన నాలుగు ఇళ్లకి ఇచ్చినా మిగిలితే, కింద లిఫ్టు దగ్గరో గేటు దగ్గరో ఒక బుట్ట పెట్టి "కావలసినవాళ్లు తీసుకోవచ్చు, ఈరోజు పొద్దున కోసినవి" అని రాసి పెట్టండి. ఎవరు తీసుకున్నారో చూడాల్సిన పని లేదు, వాళ్లు మీకు థాంక్స్ చెప్పాల్సిన పనీ లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే. పచ్చి కూరగాయలు, పండ్లు మాత్రమే పెట్టండి, వండినవి వద్దు. సాయంత్రానికి మిగిలినవి మీరే తీసేయండి, మర్నాటి దాకా వాడిపోయి పడి ఉంటే బిల్డింగ్ వాళ్లు గొణుగుతారు. తోట ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటే వచ్చే సీజన్‌కి ముందే మాట్లాడుకోండి. అందరూ టమాటాలే వేసి అందరూ ఒకరికొకరు టమాటాలు పంచుకోవడంలో అర్థం లేదు. ఒకరు ఆకుకూరలు, ఒకరు తీగలు, ఒకరు మిరప, నిమ్మ అనుకుంటే ఎవరికీ మిగులు పారేయాల్సిన అవసరం రాదు.

ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు "ఊరికే ఎందుకు, డబ్బులు తీసుకోండి" అంటారు. కూరగాయలకైతే నేను వద్దంటాను, మరీ బలవంతం చేస్తే ఒక విత్తనాల ప్యాకెట్ కొనిపెట్టమంటాను. వంటలకి డబ్బు తీసుకోవడం మాత్రం మొదలుపెట్టేముందు ఆలోచించండి. ఒక్కసారి అమ్మినా చాలా చోట్ల అది ఆహార వ్యాపారం కింద లెక్క, రిజిస్ట్రేషన్, లేబుల్ నిబంధనలు వర్తిస్తాయి, మీరుండే చోట ఏమున్నాయో ముందు కనుక్కోవాలి. పైగా డబ్బిచ్చినవాళ్లకి ఉప్పు తగ్గిందని అనే హక్కు వస్తుంది.